జీవామృతం లీటర్లు సరే, నత్రజని లెక్క ఏది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యాన, వ్యవసాయ శాఖల ఉన్నతాధికారులకు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయాన్ని నడిపించే రైతు సాధికార సంస్థ బాధ్యులకు, మండలాల్లో పనిచేసే ఉద్యాన అధికారులకు, వ్యవసాయ విస్తరణ అధికారులకు (ఏఈఓలకు), సేంద్రియ ఎరువులతో కూరగాయలు పండించేవాళ్లం రాసుకుంటున్న లేఖ.

అయ్యా, అమ్మా,

రసాయన ఎరువు లేకుండా కూరగాయలు పండుతాయా అన్న చర్చ మాకు అక్కర్లేదు. పండుతున్నాయి. మా ఫిర్యాదు వేరు. శిక్షణల్లో మాకు ఇచ్చే కరపత్రాల్లో పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి నీళ్లలో కలిపి పులియబెట్టింది), దాని ఎండు రూపమైన ఘనజీవామృతం, వేపపిండి, పంచగవ్య అని పేర్లన్నీ ఉంటాయి. వాటిలో మొక్కకు ఎంత అందుతుంది, ఏ వారంలో అందుతుంది అన్నది మాత్రం ఉండదు. యూరియా వాడే రైతుకు ఆ లెక్క బస్తా మీదే ఉంది. 45 కిలోల బస్తా, 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. సేంద్రియ రైతుకు మాత్రం 'తగినంత పశువుల ఎరువు వేయండి' అంటారు. ఆ తగినంత ఎంతో తేలక, రెండో కోతకే టమాటా చేను పాలిపోయి 'ఈ పద్ధతి మనకు పడదు' అని వెనక్కి వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

టమాటా లెక్కే చూద్దాం. మీ సిఫారసు ప్రకారమే ఎకరాకు ఇంచుమించు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్ కావాలి. టన్ను కాయ దిగాలంటే మొక్కలు రెండున్నర నుంచి మూడు కిలోల నత్రజని తీసుకుంటాయి కాబట్టి ఎకరాకు 20 టన్నులు ఆశించే రైతుకు ఆ 60 ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు 200 లీటర్ల జీవామృతంలో ఏముందో చూడండి. పది కిలోల పచ్చి పేడలో 30 నుంచి 40 గ్రాముల నత్రజని. పది లీటర్ల మూత్రంలో మహా అయితే 100 గ్రాములు. రెండు కిలోల శనగపిండిలో 70 గ్రాములు. బెల్లంలో చెప్పుకోదగ్గది లేదు. మొత్తం కలిపి 200 గ్రాములు. పదిహేను రోజులకోసారి చొప్పున నాలుగు నెలల్లో ఎనిమిది సార్లు పారించినా 1.6 కిలోలు. మూడున్నర కిలోల యూరియాలో ఉండేంత! ఘనజీవామృతం 400 కిలోలు వేస్తే, అది బాగా ఆరినదైతే, మొత్తం నాలుగు నుంచి ఆరు కిలోలు. అందులోనూ ఈ పంటకు దక్కేది కొంతే.

ఇది జీవామృతాన్ని తక్కువ చేయడానికి చెబుతున్నది కాదు. అది తోడు లాంటిది. తోడు ఎంత మంచిదైనా గిన్నెలో పాలు ఉండాలి కదా. సేంద్రియ పదార్థం ఉన్న మట్టిలో, తేమ ఉన్న మట్టిలో, పైన ఆచ్ఛాదన పరిచిన మట్టిలో అది పనిచేస్తుంది. సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని ఎర్ర చెల్క నేలలో, ఎండిన సాళ్ల మీద మధ్యాహ్నం చల్లితే బెల్లం ఖర్చు ఒక్కటే మిగులుతుంది. నవధాన్యాలు చల్లి, కలియదున్ని, ఏడాదంతా నేలను కప్పి ఉంచమని ప్రకృతి వ్యవసాయం వాళ్లు చెప్పే మాటలో అసలు బలం ఉంది. అమలుకు వచ్చేసరికి ఆ భాగం వెనక్కిపోయి డ్రమ్ములు ముందుకొచ్చాయి. డ్రమ్ము ఫొటోకు బాగుంటుంది మరి.

కాబట్టి మొదటి విన్నపం. పంటవారీగా, ఎకరానికి నత్రజని జమాఖర్చు అచ్చువేసి ఇవ్వండి. మేం వాడే నమూనా ఒకటి ఇక్కడ పెడుతున్నాం, తప్పులుంటే దిద్దండి.

బాగా మాగిన పశువుల ఎరువు ఆరు టన్నులు. అర శాతం లెక్కన 30 కిలోల నత్రజని. మొదటి పంటకు విడుదలయ్యేది అందులో మూడో వంతు, అంటే పది కిలోలు. ముందు పైరుగా వేసి కలియదున్నిన జనుము లేదా జీలుగ ఎనిమిది టన్నుల పచ్చిరొట్ట ఇస్తే, అందులో 40 కిలోలు, ఈ పంటకు సగం. మాగబెట్టిన కోళ్ల ఎరువు ఒక టన్ను నుంచి పది, పన్నెండు. వర్మీకంపోస్టు టన్నుకు ఐదారు. వేపపిండి 200 కిలోలకు ఐదు శాతం లెక్కన పది ఉంటే, పంటకాలంలో ఆరేడు అందుతాయి. అన్నీ కూడితే యాభై దాటుతుంది. మిగతాది నేల ఇస్తుంది, రెండో ఏడు నుంచి పాత ఎరువు మిగులు కూడా తోడవుతుంది. ఈ పట్టికలో పచ్చిరొట్ట తీసేసి చూడండి, లెక్క కుప్పకూలుతుంది. ఆ ఇరవై కిలోలు పశువుల ఎరువుతోనే తేవాలంటే ఇంకో పన్నెండు టన్నులు తోలాలి. ఇంటికి రెండు పాడిగేదెలు కూడా లేని ఈ రోజుల్లో అంత ఎరువు ఎక్కడిది?

మార్పిడి మొదలుపెట్టే రైతుకు ఒక మాట సూటిగా చెప్పాలి. తొలి రెండేళ్లు మట్టిలో మిగులు ఉండదు కాబట్టి ఎరువు ఎక్కువ పడుతుంది, దిగుబడి తగ్గొచ్చు. పొలమంతా ఒకేసారి కాకుండా నాలుగో వంతుతో మొదలుపెట్టమని చెప్పండి. 'మొదటి పంట నుంచే ఖర్చు లేదు, దిగుబడి తగ్గదు' అని చెప్పి పంపడం వల్లే ఎక్కువ మంది మానేస్తున్నారు.

ఇక ఎరువు నాణ్యత. తెలంగాణలో పెంట అన్నా, ఉత్తరాంధ్రలో గెత్తం అన్నా, సీమలో దిబ్బెరువు అన్నా, అమ్మేది ట్రాలీ లెక్కనే. మూడు టన్నుల ట్రాలీలో తేమ 70 శాతం ఉంటే అసలు సరుకు 900 కిలోలు. తేమ 30 శాతమైతే 2,100 కిలోలు. ధర ఒకటే. రైతు చేయగలిగింది తేలికే: కిలో ఎరువు తూచి, పట్టా మీద మూడు నాలుగు రోజులు ఎండబెట్టి మళ్లీ తూయాలి. అదే ఎరువును బకెట్ నీళ్లలో కలిపి వదిలేస్తే మట్టి, ఇసుక అడుగుకు దిగిపోతాయి. దిబ్బ ఎండకూ వానకూ బయట పడి ఉంటే నత్రజని కొంత గాలికి, కొంత గట్టు కిందికి పోతుంది. మూడడుగుల లోతు గుంతలో పొరలుగా నింపి పైన మట్టితో అలికితే నిలుస్తుంది. పొయ్యి బూడిద దిబ్బ మీద పోయడం చాలా ఇళ్లలో అలవాటు. అది క్షారం కాబట్టి అమ్మోనియాను బయటికి తోలేస్తుంది. బూడిదను విడిగా దాచి, చేలోనే వేసుకోవాలి. గచ్చు చేసిన కొట్టాల్లో మూత్రం కాలువలో కలిసిపోతుంది. పశువు విసర్జించే నత్రజనిలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మూత్రంలోనే ఉంటుంది. కాబట్టి కొట్టంలో ఎండుగడ్డి, ఆకులు పరిచి, తడిసినవాటిని రోజూ గుంతలోకి ఎత్తాలి.

మాగని ఎరువు తెచ్చే నష్టం ఇంతకన్నా పెద్దది. పచ్చి పేడ దిబ్బలో కుమ్మరి పురుగు పిల్లలు, వేరుపురుగులు, చెదలు, వయ్యారిభామ విత్తనాలు అన్నీ చేలోకి వస్తాయి. క్యారెట్, ముల్లంగి దుంపలు చీలి కాళ్లు వస్తాయి. నారుమడిలో వేస్తే నారుకుళ్లు. మిరప, టమాటా, వేరుశనగ వేసే నేలల్లో కుళ్లని చెత్త మిగిలితే మొదలుకుళ్లు శిలీంధ్రానికి అదే మేత. ఊక, రంపపు పొట్టు ఎక్కువున్న ఎరువైతే ఇంకో చిక్కు. ఆ పొట్టును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ లాక్కుంటాయి, నాటిన మూడో వారానికి చేను పసుపు రంగుకు తిరుగుతుంది. రైతు దాన్ని వైరస్ అనుకుని మందు కొడతాడు, లేదా సూక్ష్మపోషకాల ప్యాకెట్ కొంటాడు. కింది ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం. కొత్త ఆకులు పసుపై ఈనెలు ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. ఈ ఒక్క తేడా బొమ్మతో సహా రైతు సేవా కేంద్రాల్లోనూ రైతు వేదికల్లోనూ గోడ మీద పెట్టించండి.

ఎరువు మాగిందో లేదో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తడి ఎరువును గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులు కట్టి ఉంచి విప్పితే వాన పడ్డ మట్టి వాసన రావాలి. ముక్కు మూసుకోవాల్సి వస్తే ఇంకో నెల ఆగాలి. ఒక కుండీలో సగం ఎరువు సగం మట్టి, ఇంకో కుండీలో ఉత్త మట్టి తీసుకుని ఇరవయ్యేసి ముల్లంగి గింజలు వేయండి. ఎరువు కుండీలో మొలకలు బాగా తక్కువొచ్చినా, ఆకుల అంచులు మాడినా ఆ ఎరువు చేలోకి పనికిరాదు.

వర్మీకంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి: నత్రజని కనీసం ఒక శాతం, భాస్వరం, పొటాష్ 0.8 శాతం చొప్పున, సేంద్రియ కర్బనం 18 శాతం, తేమ 15 నుంచి 25 శాతం మధ్య. అంగళ్లలో సంచి మీద ఈ అంకెలు ఉన్నా, లోపల సరుకు నల్లమట్టిలా ఉన్న సందర్భాలు తక్కువ కాదు. మట్టి నమూనా ఇచ్చినంత సులువుగా ఎరువు నమూనా ఇచ్చి నత్రజని, తేమ, లవణాలు పరీక్ష చేయించుకునే వీలు జిల్లాకు ఒకటైనా ఉండాలి. ఇది మా రెండో విన్నపం.

కోళ్ల ఎరువు గురించి మీ కరపత్రాలు దాదాపు మౌనమే. గోదావరి జిల్లాల్లో, హైదరాబాద్ చుట్టుపక్కల, చిత్తూరు వైపు కూరగాయల రైతులు వాడేది మాత్రం అదే. దాని బలం నత్రజని, ఎండినదైతే మూడు శాతం వరకు. ఆ బలమే ప్రమాదం కూడా. పచ్చిగా వేసి నాటితే అమ్మోనియా వేడికి వేర్లు మాడతాయి. మాగబెట్టాలంటే కోళ్లను పెంచే పంజరాల (కేజ్‌ల) కింద పడే పెంట ఒక పాలుకు ఎండు వరిగడ్డి ఒకటిన్నర పాళ్లు (ఎండు బరువు లెక్కన) కలపాలి. బ్రాయిలర్ షెడ్లలో ముందే ఊక ఉంటుంది కాబట్టి గడ్డి అంత అక్కర్లేదు. కుప్ప ఎత్తు మూడున్నర, నాలుగడుగులు. పిడికిలిలో పిండితే వేళ్ల మధ్య తడి కనిపించాలి, చుక్కలు కారకూడదు. నాలుగో రోజు ఇనుప కడ్డీ మధ్యదాకా గుచ్చి, పది నిమిషాల తర్వాత తీస్తే చేత్తో పట్టుకోలేనంత కాలాలి. అలా కాలకపోతే తేమ తగ్గిందని, లేదా కుప్ప చిన్నదని అర్థం. కాలుతూనే అమ్మోనియా ఘాటు కొడితే గడ్డి చాలలేదు. పది, పదిహేను రోజులకోసారి తిరగేస్తే రెండున్నర, మూడు నెలల్లో తయారవుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కోళ్ల ఎరువులో భాస్వరం రెండున్నర శాతం. ఒక్క టన్నుతోనే ఎకరాకు 25 కిలోలు పడి టమాటా సిఫారసు పూర్తవుతుంది. నత్రజని కోసమని నాలుగు టన్నులు తోలితే భాస్వరం వంద కిలోలు. ఇలా మూడు నాలుగేళ్లు చేసిన పొలాల్లో జింకు లోపం కనిపిస్తుంది. భూసార పరీక్ష కార్డులో భాస్వరం 'ఎక్కువ' అని వచ్చిన రైతుకు ఇక కోళ్ల ఎరువు వద్దు, జనుము వేయండి అని చెప్పేవాళ్లు కావాలి. 'సేంద్రియమే కదా, ఎంత వేసినా మంచిదే' అన్న మాట అధికారుల నోట వినిపించకూడదు. బీన్స్, గోరుచిక్కుడు లాంటి వాటికి నత్రజని ఎక్కువైతే తీగ పెరిగి కాయ తగ్గుతుంది, పేనుబంక పడుతుంది. బెండకు పచ్చదోమ వస్తుంది. ఎరువు ఏదైనా పురుగుకు తేడా తెలియదు.

పచ్చిరొట్ట విషయంలో చేతిలో ఉన్న పరిష్కారాన్నే మనం వదిలేస్తున్నాం. రాయితీ జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు సాధారణంగా ఖరీఫ్ ముందు, వరిని దృష్టిలో పెట్టుకుని వస్తాయి. కూరగాయల మడి మాత్రం సెప్టెంబరులో ఖాళీ కావచ్చు, జనవరిలో కావచ్చు. ఎకరాకు 12 నుంచి 15 కిలోల జనుము విత్తనం ఏడాది పొడవునా దొరికేలా మండలానికి కొద్దిగా నిల్వ ఉంచండి. వేరుబుడిపెల నులిపురుగు ఉన్న వంగ, టమాటా, బెండ మడులకు జీలుగ కన్నా జనుము మేలు. ఆ వేర్ల మీద నులిపురుగు వృద్ధి చెందదు. నలభై అయిదో రోజుకు, పూత మొదలవుతుండగానే రోటవేటర్‌తో కలపాలి. ఇంకో రెండు వారాలు ఆగితే కాండం నారెక్కి కుళ్లడం ఆలస్యమవుతుంది. కలిపినప్పుడు నేలలో పదును ఉండాలి, నాటడానికి పదిహేను నుంచి ఇరవై రోజుల ఎడం ఉండాలి. ఆ ఎడం ఇవ్వకుండా నాలుగో రోజే నారు నాటి, మొక్కలు కుళ్లి, తప్పు జనుము మీద పెట్టేవాళ్లే ఎక్కువ. గట్ల మీద గిరిపుష్పం కొమ్మలు నాటితే రెండో ఏడు నుంచి కోతకు వస్తాయి. ఆ రొట్టను సాళ్ల మధ్య పరిచినా చాలు.

పైపాటుగా వేసే పిండ్లకు సమయమే ముఖ్యం. టమాటాకు నాటిన 25 రోజుల నుంచి కాయ ఊరేదాకా ఆకలి ఎక్కువ, అప్పటికి పశువుల ఎరువు నెమ్మదిగానే విడుదలవుతూ ఉంటుంది. అందుకే వేపపిండి మొత్తం దుక్కిలో వేసేయకుండా సగం దుక్కిలో, మిగతా సగం వర్మీకంపోస్టుతో కలిపి 25వ, 45వ రోజుల్లో రెండు దఫాలుగా, మొదలుకు నాలుగంగుళాల దూరంలో గాడి తీసి వేసి, మట్టి కప్పి, తడి ఇవ్వాలి. పైన చల్లి వదిలేస్తే బూజు పట్టడం తప్ప ఉపయోగం ఉండదు. ఆముదం పిండిలో నత్రజని నాలుగు శాతం పైనే, చౌక కూడా. కానీ అది పశువులకూ కుక్కలకూ విషం. కప్పకుండా వదిలేసిన చేలో కుక్క చచ్చిపోతే పక్కింటివాళ్లతో గొడవ, సేంద్రియానికి చెడ్డపేరు. ఈ హెచ్చరిక సంచి మీద తెలుగులో ఉండాలి.

కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను అందరూ పంచుతున్నారు, పెంచే పద్ధతి మాత్రం సగమే చెబుతున్నారు. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండిలో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచాలి. తెల్లగా, ఆపైన ఆకుపచ్చగా బూజు అల్లుకోవాలి. ఎండలో పెట్టినా, కాలుతున్న కుప్పలో కలిపినా, గడువు దాటిన ప్యాకెట్ వాడినా ఏమీ రాదు. ఆ చాళ్లలోనే తర్వాత రాగి మందు పోస్తే వచ్చింది కూడా దెబ్బతినొచ్చు.

డ్రిప్పు ఉన్నవాళ్లకు జీవామృతం ఇంకో తలనొప్పి. గుడ్డలో ఒకసారి వడగట్టి వెంచురీలో (డ్రిప్పు నీళ్లలోకి ద్రవాన్ని లాగే పరికరంలో) పెడితే రెండు నెలల్లో డ్రిప్పర్లు మూసుకుపోతాయి. కలపడం ఆపి కొన్ని గంటలు తేరనిచ్చి, పైతేట మాత్రం తీసి, ముందు గోనెపట్టలో, తర్వాత రెండు మడతల నూలు గుడ్డలో వడగట్టాలి. నీటి తడిలో చివరి మూడో వంతులో వదిలి, ఆపైన పావుగంట ఉత్త నీళ్లు పారించి, లేటరల్ (సాళ్ల వెంట పరిచే సన్న గొట్టం) చివరి మూతలు విప్పి కడగాలి. అడుగు మడ్డిని ఎరువు గుంతలో పోయండి, అందులోనే బలం.

ఆకుకూరల మీద చల్లడం గురించి మాత్రం మీరు గట్టిగా మాట్లాడాలి. జీవామృతం అంటే పేడ నీళ్లే. కొత్తిమీర, పుదీనా, పాలకూర పచ్చిగానో అరపచ్చిగానో నోట్లోకి వెళ్తాయి. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో పచ్చి పేడ వేసిన నేలకు తగిలే పంటైతే కోతకు 120 రోజుల ఎడం, నేలకు తగలనిదైతే 90 రోజుల ఎడం తప్పనిసరి. మన పాలకూర ముప్పై రోజులకే కోతకొస్తుంది. అంటే ఆకుకూరల మడికి పచ్చి పేడ ఏ రూపంలోనూ పనికిరాదు. దుక్కిలో మాగిన కంపోస్టు, తర్వాత కావాలంటే మొదట్లో పడేలా వర్మీకంపోస్టు, అంతే. 'సేంద్రియ కూరగాయలు' అని బోర్డు పెట్టి అమ్మే చోట ఈ జాగ్రత్త లేకపోతే ఒక్క వాంతుల కేసు చాలు, ఆ బోర్డును ఎవరూ నమ్మరు.

చివరగా, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్ కింద దేశంలో పదివేల జీవ ఉత్పాదకాల కేంద్రాలు రావాలి. మన మండలాలకు వచ్చేవాటిలో కషాయాల డ్రమ్ములతో పాటు మాగిన కంపోస్టు టన్నుల లెక్కన, పరీక్ష చేసిన వేపపిండి, జనుము విత్తనం ఉండేలా చూడండి. పురోగతి నివేదికలో 'జీవామృతం ఇన్ని లీటర్లు' అన్న గడి పక్కన ఇంకో రెండు గడులు పెట్టండి: పచ్చిరొట్ట కలిపిన ఎకరాలు, రైతు చేలోకి చేరిన మాగిన ఎరువు టన్నులు. రబీ కూరగాయల నార్లు పోసే ఆగస్టు, సెప్టెంబరులోపు టమాటా, వంగ, బెండ, మిరప, ఆకుకూరల జమాఖర్చు పట్టికలు ఊళ్లకు చేరితే ఈ ఏడాదికే పనికొస్తాయి. ముసాయిదా మీద కూర్చోవడానికి పిలిస్తే మా ఎరువు నమూనాలు, తూకం పుస్తకాలు తీసుకుని వస్తాం.

ఇట్లు,
సేంద్రియ ఎరువులతో కూరగాయలు పండించే రైతులం